గోడ మీద పిప్పరమెంట్లు

మా తమ్ముడు ఇడ్వల్ ప్రతి శుక్రవారం నా దుకాణానికి వచ్చి పావు పౌండు పిప్పరమెంట్లు కొంటాడు. అక్కాతమ్ముళ్ళం ఒకే ఇంట్లో ఉంటున్నాం, సీసాలో చెయ్యి పెట్టి తీసుకుంటే అడిగేవాళ్ళు లేరు. అయినా నలుగురితో పాటు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక తూచమంటాడు. తను మాత్రం ఒక్కటి కూడా నోట్లో వేసుకోడు. అవి వాడి పాత స్నేహితుడు మింటో కోసం. మింటో వీడి మొహం చూడటం మానేసి చాలా రోజులైంది.

తప్పెవరిదని అడిగితే మా తమ్ముడిదే. తోడబుట్టినవాడని వెనకేసుకు రాను. కాకపోతే తప్పు వాడొక్కడితో ఆగలేదు, ఆ సంగతీ చెప్తాను.

వేల్సులో మా ఊరు కుమ్ హెబోగ్‌లో రగ్బీ అంటే యూనియన్ రగ్బీ. పదిహేను మంది ఆడతారు, జీతం భత్యం ఉండవు. ఉత్తర ఇంగ్లండు మిల్లుల ఊళ్ళలో ఆడేది లీగ్ రగ్బీ. అక్కడ పదముగ్గురు, ఆడినందుకు డబ్బిస్తారు. ఇక్కణ్ణుంచి అటు వెళ్ళినవాడికి ఇక ఇటు దారి లేదు. మళ్ళీ ఆడటం సంగతి అటుంచి, క్లబ్బు గుమ్మం తొక్కకూడదు, కుర్రాళ్ళకు ఆట నేర్పకూడదు. సంతకం పెట్టక్కర్లేదు, పరీక్ష కోసం ఒక్క ఆట ఆడినా చాలు, చచ్చేదాకా వెలి. కోళ్ళ దొంగతనం కేసులో జైలుకు పోయొచ్చిన హ్యూ మాత్రం అదే క్లబ్బులో కాలు మీద కాలేసుకుని బీరు తాగుతాడు.

ఆ రోజుల్లో ఇడ్వల్ పరుగు చూసి తీరాలి. బంతి వాడి చేతికందగానే ముసలివాళ్ళు నోట్లోంచి పైపులు తీసేసేవాళ్ళు. అలాంటివాడి మీద ఉత్తరాదివాళ్ళ కన్ను పడకుండా ఉంటుందా? కోటు వేసుకున్న మనిషొకడు రైలు దిగి, మా ప్రార్థన మందిరం చాపెల్ వెనక సందులో వీణ్ణి పట్టుకున్నాడు. "ఒక్క ఆట ఆడి చూపించు, నచ్చితే మాట్లాడుకుందాం" అన్నాడు. అలా పరీక్షకు వెళ్ళేవాళ్ళు సొంత పేరు చెప్పరు. ఆటగాళ్ళ పేర్లు అచ్చువేసే కాగితంలో వాడి పేరుండాల్సిన చోట 'ఇంకొకడు' అని వేస్తారు. ఆ ఇంకొకడు వేల్సు నుంచి దొంగచాటుగా వచ్చాడని చూసేవాళ్ళందరికీ తెలుసు. అందరూ తెలియనట్టే ఉంటారు.

ఇడ్వల్ నడుం పట్టేసిందని క్లబ్బులో చెప్పాడు. కార్డిఫ్‌లో ఒక అమ్మాయిని కలిసి వస్తానని అమ్మతో చెప్పాడు. అమ్మ సంబరపడిపోయి చొక్కా ఇస్త్రీ చేసింది చాలక మళ్ళీ చేసింది.

తీరా అక్కడికి వెళ్తే, 'ఇంకొకడు' అన్న పేరు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ రోజు పరీక్షకు ఇద్దరొచ్చారు మరి. మేనేజరు చేతిలో పెన్సిలు ఆడిస్తూ, "ఇద్దరు ఇంకొకళ్ళుంటే జనం నవ్వుతారు. ఏదో ఒక పేరు చెప్పవయ్యా, తొందరగా" అన్నాడు. ఇడ్వల్ నోటికొచ్చింది చెప్పాడు. ఎల్విన్ పారీ.

ఆ పేరుగల మనిషే లేడని వాడనుకున్నాడు. ఈ ఒక్క విషయంలో వాడి మాట నమ్ముతాను. ఎందుకంటే మా లోయలో అసలు పేర్లతో బతికేవాళ్ళు లేరు. వీధికి పదిమంది జోన్సులుంటే ఏం చేస్తాం? పాలమ్మేవాడు పాల జోన్స్, శవపేటికలు చేసేవాడు పెట్టె జోన్స్. పేటిక మీది రేకు చదివి, "ఈ పేరుగలవాడు ఎవడబ్బా" అని పక్కవాణ్ణి గిల్లి అడగటం మాకు మామూలు. మింటోని కన్నతల్లి కూడా మింటో అనే పిలిచేది. ఎప్పుడు చూసినా అతని బుగ్గలో ఒక పిప్పరమెంటు, అంటే మింట్, ఉండేది. బొగ్గు గనిలో దుమ్ముకని, చాపెల్‌లో ప్రసంగానికని, మైదానంలో స్క్రమ్‌కి తల వంచే ముందు ఇంకొకటి. స్క్రమ్ అంటే రెండు జట్లూ తలలు దూర్చి తోసుకోవటం. అందులో ముందు వరస నడిమధ్య మనిషి మింటో. క్లబ్బు బోర్డు మీద జట్టు పేర్లు రాసినా మింటో అనే రాసేవాళ్ళు. చిన్నప్పుడు బడిలో హాజరు పిలిచేటప్పుడు విన్న పేరు ఇడ్వల్ బుర్రలో ఏ మూలో పడి ఉండి, ఆ రోజు మొహం లేకుండా పైకి తేలింది.

ఆ ఆటలో ఎల్విన్ పారీ అడ్డొచ్చినవాళ్ళందర్నీ తప్పించుకుని ఇటు చివర నుంచి అటు చివరికి పరుగెత్తాడు. ఒకసారి కాదు, మళ్ళీ చేశాడు. పేపర్లో మెచ్చుకుంటూ రాశారు. ఆ పేపరు ఎవరి చేతుల్లో పడిందో, ఎలా వచ్చిందో, మా క్లబ్బు కార్యదర్శి బోవెన్ గారి బల్ల మీదికొచ్చింది. క్లబ్బు బోర్డు మీద కాగితం అంటించారు. ఎల్విన్ పారీ కమిటీ ముందు హాజరు కావాలి.

"ఎవడ్రా ఈ పారీ?"

"పై వీధిలో ఒక ముసలాయన ఉండేవాడుగా?"

"ఆయన పోయి మూడేళ్ళయింది. దెయ్యమై వెళ్ళి ఆడొచ్చాడా ఏంటి?"

జనం వెనక నుంచి మింటో మెడ చాచి చదివాడు. "ఒరేయ్, పారీ అంటే నేనేరా. నన్నెందుకు పిలుస్తున్నారు?" అన్నాడు.

ఇడ్వల్ పక్కనే నిలబడి ఉన్నాడు, చేతిలో నిండు గ్లాసు. "అది కింద పెట్టాను అక్కా, మళ్ళీ ఎత్తలేకపోయాను" అని తర్వాతెప్పుడో నాతో అన్నాడు.

మింటో ఖర్మ కొద్దీ, ఆ శనివారం మా ఊరి ఆటకు అతనూ రాలేదు. అతని వేటకుక్క తాడు తెంచుకుని కొండెక్కితే చీకటి పడేదాకా వెతుకుతూ తిరిగాడు. "నిన్ను చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని బోవెన్ గారు అడిగారు. "గొర్రెలు చూశాయండీ" అన్నాడు మింటో. కమిటీ అంతా నవ్వింది. నవ్వేసి వెలివేసింది.

ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. మింటో పరుగెత్తితే పాలబండి గుర్రం కూడా దాటిపోయేది. మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి మింటో పరుగెత్తాడని పేపర్లో రాస్తే ఎవరైనా నమ్ముతారా? అలా పరుగెత్తగలవాడు లోయ మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. సరిగ్గా ఆ శనివారమే వాడికి నడుం పట్టేసింది. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. వేల్సు జట్టుకు ఆటగాళ్ళను ఏరేవాళ్ళు మరుసటి వారమే ఇడ్వల్‌ని చూడటానికి వస్తున్నారు. ఆ జట్టు ఎర్ర జెర్సీ మా ఊరికి అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. బోవెన్ గారు బడి పంతులు, చాపెల్ పెద్ద. ఇంత చిన్న లెక్క రానివారు కాదు.

జెర్సీ వచ్చాక నిజం చెప్పేద్దామనుకున్నాడు మా తమ్ముడు. జెర్సీ వచ్చింది. నాన్న ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ముతో కుర్చీలో కూర్చుని, రేడియోలో వాడి పేరు విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయనున్నంత కాలం నోరు మెదపనన్నాడు. నాన్న పోయాడు. తర్వాత అమ్మ తల ఎత్తుకోలేదన్నాడు. ప్రతిసారీ ఒక కారణం దొరికింది. ఏదీ అబద్ధం కూడా కాదు.

మరుసటేడు ఉత్తరాదివాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి బాహాటంగా సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటిదాకా భుజాల మీద మోసినవాళ్ళు వీధి దాటి అవతలి పక్కకు నడిచారు. క్లబ్బు గోడ మీద ఎర్ర జెర్సీలో ఉన్న వాడి ఫొటోని వెనక్కి తిప్పి మేకుకు తగిలించారు. స్టేషనుకు నేనూ అమ్మా వెళ్ళాం. ఇంకెవరూ రారనుకున్నాం, మింటో వచ్చాడు. కిటికీలోంచి పిప్పరమెంట్ల పొట్లం లోపల పెట్టి, "వెళ్ళరా. నేను వెళ్ళకుండానే వెలిపడ్డాను, నువ్వన్నా వెళ్ళి పడు. ఊరు చూసినట్టయినా ఉంటుంది" అన్నాడు.

రైలు కదిలేదాకా ఇడ్వల్ తలెత్తలేదు. ఊరు విడిచిపోతున్న బెంగ అనుకున్నాం.

అక్కడ మొదటి ఏడాది నానా అవస్థ పడ్డాడు. ఇక్కడి అలవాటు కొద్దీ బంతిని గీత అవతలికి తన్నితే జనం ఈలలు వేశారు. పడగొట్టిన ప్రతిసారీ లేచి నిలబడి, బంతి నేల మీద పెట్టి, మడమతో వెనక్కి నెట్టి మళ్ళీ మొదలుపెట్టాలట. పడటం లేవటం, పడటం లేవటం. నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక వాళ్ళే నెత్తిన పెట్టుకున్నారు. కప్పులు గెలిచాడు, జట్టుకు నాయకుడయ్యాడు. ఆ ఊరి పిల్లలు వాడి నడక అనుకరించేవాళ్ళట. ప్రతి ఆటకూ ముందు పేర్ల కాగితం చేతికిస్తే మాత్రం చదవకుండా మడిచి జేబులో పెట్టుకునేవాడు. తోటివాళ్ళు అదొక మొక్కు అనుకున్నారు. చివరికి మోకాలు పోయింది. కర్ర పట్టుకుని, అమ్మ కూడా లేని ఇంటికి తిరిగొచ్చాడు.

ఊళ్ళో ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. వీడొక మనిషి ఉన్నట్టే చూడలేదు. నా దుకాణానికి టీ తాగటానికొచ్చినవాళ్ళు కూడా వీడు లోపలికొస్తే మాట ఆపి, వెళ్ళాక అందుకునేవాళ్ళు.

క్లబ్బు మైదానం పల్లంలో ఉంటుంది. దాని పైనుంచి కొండకు వెళ్ళే రోడ్డు, రోడ్డు వారన రాతిగోడ. వెలిపడినవాడు గేటు దాటకూడదు గానీ, రోడ్డు ఎవడి సొత్తూ కాదు. మింటో ఇన్నేళ్ళుగా ప్రతి శనివారం ఆ గోడకు ఆనుకుని ఆట చూస్తున్నాడు. ఇడ్వల్ వచ్చిన మొదటి శనివారమే కబురు పెట్టాడు, "గోడ పొడుగ్గానే ఉంది, నీకూ చోటుంది" అని. అప్పట్నుంచి ఇద్దరూ అక్కడే. మింటో తల తిప్పకుండానే పొట్లం పక్కకు చాచేవాడు, ఇడ్వల్ ఒకటి తీసుకునేవాడు.

"ఒరేయ్ ఉత్తరాదోడా, మీ దగ్గర స్క్రమ్ ఉందా, లేక ఊరికే కౌగిలించుకుని వదిలేస్తారా?"

"నీలా మూలుగుతూ నిలబడం. పని చూసుకుంటాం."

"పని! ఆ పనికి డబ్బులు కూడానా!"

ఇలా సాగేది. మింటో ఊపిరితిత్తులు కూడా అప్పటికే దుమ్ము పట్టాయి. గోడ దాకా ఎక్కటానికి మధ్య మధ్యలో ఆగేవాడు. అయినా పైనుంచి కిందికి కేకలు మానలేదు. "వీపు వంచకురా! తల పైకి! మెడ విరుచుకుంటావ్!" అని గొంతు చించుకునేవాడు. గాలికి ఆ మాటలు కొండవైపు పోయేవి. కింద ముందు వరస కుర్రాళ్ళకు నేర్పేవాడు లేడు. ఆ శీతాకాలం ఒక కుర్రాణ్ణి మెడకు పట్టీ వేసి పడుకోబెట్టారు. అప్పటికి కమిటీకి బుద్ధొచ్చింది. మింటోకి కబురొచ్చింది. చేసింది ఒప్పుకుని క్షమాపణ చెప్తే కార్డిఫ్‌లోని యూనియన్ ఆఫీసుకు రాసి వెలి తీయిస్తాం, కుర్రాళ్ళను నీకు అప్పగిస్తాం, గురువారం కమిటీకి రా.

ఆ ఆదివారం చాపెల్ నుంచి వస్తూ మింటో నా దుకాణంలోకొచ్చాడు. మూసి ఉన్న రోజే అయినా అతనికి వెనక తలుపు తీస్తాను. ఇడ్వల్ టీ తాగుతున్నాడు. మింటో ఎదురుగా కూర్చుని, "ఒరేయ్, నువ్వు నిజంగా వెళ్ళొచ్చినవాడివి. నాకు అబద్ధం నేర్పాలి" అన్నాడు.

"ఏం అబద్ధం?"

"నేను వెళ్ళినట్టు. బోవెన్ గారు అడుగుతారుగా, మైదానం ఎలా ఉంది, జెర్సీ ఏ రంగు అని. నాకేం తెలుసు? తప్పు ఒప్పుకోడానికొచ్చి అదీ సరిగ్గా ఒప్పుకోలేదంటే పరువు పోదూ?"

నాకు నవ్వొచ్చింది. ఇడ్వల్ నవ్వలేదు. "చేయనిదానికి ఎందుకు ఒప్పుకుంటావు మింటో, మానెయ్" అన్నాడు.

"ఇన్నేళ్ళూ మానేశాగా, ఏమొచ్చింది? ఆ కుర్రాడి మెడ చూశావా? ఇంకొకడికి అంతకంటే పెద్దదే అవుతుంది. గోడ మీంచి అరవటానికి నాకు ఊపిరి చాలట్లేదురా. ఒక్కసారి కిందికి దిగి, నా చేతుల్తో వాళ్ళ భుజాలు సర్దాలని ఉంది. దానికి ఒక అబద్ధం చెప్తే పోలా?"

ఇడ్వల్ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత చెప్పటం మొదలుపెట్టాడు. స్టేషను పక్కన కాలవ, కాలవ మీద ఇనప వంతెన, వంతెన దాటితే మిల్లు గోడ. గుడ్డలు మార్చుకునే గదిలో నొప్పుల తైలం వాసన. నీలం తెలుపు చారల జెర్సీ, చేతులు పొట్టివి. మింటో కళ్ళు మూసుకుని, ఆదివారం బడిలో వాక్యం అప్పజెప్పినట్టు ఒక్కొక్కటీ తిరిగి చెప్పాడు.

"చేతులు పొట్టివి. ఇది బాగుందిరా, నిజంలా ఉంటుంది. నా పేరు ఎవరడిగారు?"

"మేనేజరు. చేతిలో పెన్సిలుంది."

"పెన్సిలు. సరే. అంత తెలివితక్కువగా సొంత పేరెందుకు చెప్పావయ్యా అని బోవెన్ గారడిగితే?"

ఇడ్వల్ లేచి కెటిల్ అందుకోబోయాడు. మళ్ళీ అడిగితే, "నోటికొచ్చిందని చెప్పు" అన్నాడు.

మింటో తృప్తిగా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "దేవుడు ఏమీ అనుకోడు కదా అక్కా?" అని అడిగాడు. "నీ ఒక్క అబద్ధం పట్టించుకునే తీరిక ఆయనకెక్కడుందిలే" అన్నాను. ఊపిరి కూడదీసుకుంటూ, పెదాలు కదుపుతూ వెళ్ళాడు, మర్చిపోకుండా.

నేను కప్పులు కడుగుతున్నాను. వెనక నుంచి ఇడ్వల్, "అక్కా, అది నేనే" అన్నాడు.

మొదట అర్థం కాలేదు. మొత్తం చెప్పాడు, కార్డిఫ్ అమ్మాయి దగ్గర్నుంచి. చేతిలో తడిగుడ్డ ఉంటే వాడి మొహాన కొట్టాను. కొట్టినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

"ఇన్నేళ్ళు! పక్కన నిలబడి చూస్తూ!"

"చెప్తే వాడు కూడా పోతాడక్కా. ఊళ్ళో నాతో మాట్లాడేది వాడొక్కడే."

"అందుకని నీ తప్పు వాడు ఒప్పుకోవాలా? అది కూడా నువ్వు దగ్గర కూర్చోబెట్టి నేర్పించాలా?"

వాడు ఏడ్చాడు. పెద్ద ఒళ్ళు, మడత పడని మోకాలు, ఒక కాలు చాచుకుని కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జాలి వేసింది. దాన్ని మింగేసి, "గురువారం లోపల నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను" అన్నాను. సోమవారం వాడు మింటో ఇంటి దాకా వెళ్ళి తలుపు తట్టకుండా తిరిగొచ్చాడు. బుధవారం తట్టాడట, మింటో తలుపు తీసి, "వచ్చావా, అప్పజెప్తా విను" అని మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా చెప్పాడట. వీడు "బాగుంది" అని వచ్చేశాడు.

గురువారం సాయంత్రం కుండపోత. నేనే వాడి కోటు తెచ్చి ఒళ్ళో పడేశాను. ఇద్దరం క్లబ్బుకు వెళ్ళాం. గుమ్మంలో కాపలా ఉన్న హ్యూ అడ్డంగా నిలబడ్డాడు. లీగ్ ఆడినవాళ్ళకు ప్రవేశం లేదు, కమిటీ గది దాకా ఆడవాళ్ళకూ లేదు. కోళ్ళ దొంగ మా ఇద్దర్నీ ఆపాడు.

చుట్టూ తిరిగి కమిటీ గది కిటికీ దగ్గరికెళ్ళాం. అద్దంలోంచి కనబడుతోంది. మింటో చాపెల్ కోటు వేసుకుని, టోపీ చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. కాలవ, వంతెన, మిల్లు గోడ దాకా వచ్చి ఉంటాడు. ఇడ్వల్ కర్రతో అద్దం మీద కొట్టాడు, పగిలిపోతుందేమో అన్నంతగా.

బోవెన్ గారు కిటికీ అద్దం పైకెత్తారు. "ఏంటయ్యా ఇది? నువ్విక్కడికి రాకూడదని తెలీదా?"

"లోపలికి రావట్లేదండీ. బయటే ఉన్నాను." వాన వాడి మొహం మీంచి కారుతోంది. "ఆ రోజు ఆడింది నేను. ఎల్విన్ పారీ అని చెప్పింది నేను. మింటోకేం తెలీదు. వాడు కుక్క కోసమే వెళ్ళాడు."

గదిలో ఎవరూ నిజమా అని గానీ, రుజువేదని గానీ అడగలేదు. బోవెన్ గారు బల్ల మీది కాగితాలు సర్దారు, సర్ది ఉన్నవే మళ్ళీ సర్దారు. వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదని నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. కొత్తగా విన్నవాడు గదిలో ఒక్కడే.

మింటో మెల్లగా కిటికీ దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చేతులు పొట్టివని చెప్పావు చూడు," అన్నాడు, "వీడికెంత బాగా గుర్తుందిరా అనుకున్నాను."

"మింటో, నేను..."

"ఆట పోతే పోయిందిరా. పేరు పోయినా పోనీ. ఆ పేరుతో నన్నెవరు పిలిచారు గనక. కానీ ఇన్ని శనివారాలు నా పక్కన నిలబడి, నేను చెయ్యి చాస్తే తీసుకుని తిన్నావు కదరా. అదెలా దిగింది నీ గొంతులో?"

దగ్గు తెర వచ్చింది. తగ్గేదాకా కిటికీ చెక్క పట్టుకుని నిలబడి, తర్వాత తనే కిటికీ కిందికి దించాడు.

వెలి తీసేశారు. మింటో గేటులోంచి లోపలికి నడిచిన రోజు ఊరంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు నవ్వినవాళ్ళే అందరికంటే గట్టిగా కొట్టారు. ఇప్పుడు కుర్రాళ్ళ భుజాలు తన చేతుల్తో సర్దుతాడు, గీత పక్కన కుర్చీ వేస్తే కూర్చుని ఆట చూస్తాడు. బోవెన్ గారు దుప్పటి తెచ్చి ఒళ్ళో కప్పుతారు. ఇంతకాలం నోరు మూసుకున్నందుకు ఆయన్ను వెలివేసినవాళ్ళు లేరు. మింటో నా దుకాణానికొస్తే "బాగున్నావా అక్కా" అంటాడు. తమ్ముడి సంగతి నేను ఎత్తను, అతను అడగడు.

ఇడ్వల్ మాత్రం గోడ దగ్గరికి వెళ్ళటం మానలేదు. మింటో ఆనుకునే చోట గోడ మీద ఒక రాయి పలకలా ఉంటుంది. దాని మీద పొట్లం పెడతాడు, మూతి విప్పి. ఆట అయ్యాక అక్కడే వదిలేసి వస్తాడు. మైదానం నుంచి మింటో ఇంటికి పోయే దారి అదే. ఆదివారం వెళ్ళి చూస్తాడు. వానకు కరిగి, కాగితానికి అంటుకుపోయి, అలాగే ఉంటాయి. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంటాడు. శుక్రవారం మళ్ళీ వచ్చి వరసలో నిలబడతాడు.

మొన్న ఆదివారం గుమ్మంలోంచే కేకేశాడు. "అక్కా! లేవు! పొట్లం ఖాళీ! ఒక్కటి కూడా లేదు!" కర్ర మర్చిపోయి కుంటుతూ లోపలికొచ్చాడు. మోకాలు పాడయ్యాక వాడలా నడవటం నేను చూడలేదు. "ఏమీ అనలేదులే, అంటాడని కాదు. తీసుకున్నాడు, అంతే చాలు. తీసుకున్నాడు కదక్కా?" అన్నాడు.

నేను ఆ ఉదయం పూలు పట్టుకుని అమ్మానాన్నల సమాధుల దగ్గరికి ఆ రోడ్డు మీదే వెళ్ళాను. కొండ మీంచి దిగిన గొర్రె ఒకటి, మా చెత్తబుట్టలు తన్నేసే ముసలి గొర్రె, ముందుకాళ్ళు గోడ మీద వేసి, పొట్లంలో మూతి పెట్టి కరకర నములుతోంది. అదిలించాను, వెళ్ళలేదు. అన్నీ అయ్యేదాకా తింది.

వాడు నా మొహంలోకే చూస్తున్నాడు.

"తీసుకునే ఉంటాడు. ఇంకెవరు తీసుకుంటారు?" అన్నాను.

వాడు మొహం కడుక్కుని, టీ అడిగి తాగాడు. చాలా రోజులకు రెండోసారి వడ్డించమని తిన్నాడు. వచ్చే శుక్రవారం పావు కాదు, అర పౌండు కావాలన్నాడు. తూస్తానన్నాను.